మొదటి నాలుగు సెకన్లు

నా దుకాణం ముందు నిలబడి జనం ఫోటోలు దిగడం మొదలై ఏడాది దాటింది. ఫోటో దిగేంత విశేషం అక్కడేమీ లేదు. కోరుట్ల బస్టాండుకు ఎదురుగా వరసగా ఐదు షటర్లున్నాయి. మొదటిది మందుల షాపు, రెండోది బేకరీ, మూడోది నాది. ఫోన్ కవర్లు, చార్జర్లు అమ్ముతాను, పగిలిన స్క్రీన్లు మారుస్తాను. వచ్చేవాళ్లు ఇవేవీ కొనరు. "అన్నా, జెర షటర్ గుంజుతవా? ఒక్క ఫోటో దిగి పోతం" అంటారు. షటర్ మూసి ఉంటేనే ఫోటో బాగుంటుందట. గిరాకీ వేళ దుకాణం మూసి రోడ్డు మీద నిలబడే వ్యాపారి ఈ వరసలో నేనొక్కణ్నే.

పోయిన నెల జగిత్యాల నుంచి ఇద్దరు ఇంజనీరింగు విద్యార్థులు వచ్చారు. నల్ల టీషర్టులు, వాటి మీద తెల్లక్షరాల్లో "మూడో షటర్". పొడుగ్గా ఉన్నతను ఫోన్ ఎత్తి పట్టుకొని నన్ను చూశాడు. "అంకుల్, జెర పక్కకు జరుగుండ్రి. ఫ్రేముల వస్తున్నరు" అన్నాడు. జరిగాను. పోయేముందు మర్యాదగా నా నంబరు అడిగి తీసుకొని ఒక ఫోటో పంపారు. షటర్ చాలా బాగా వచ్చింది.

వాళ్లు వచ్చింది ఒక ర్యాపర్ కోసం. మన దిక్కు మాటల్లో ర్యాప్ కట్టి పాడినవాళ్లలో ఇతనే మొదటివాడని అభిమానులు అంటారు. అవునో కాదో నాకు తెలియదు, నేను విన్నవాళ్లలో మాత్రం మొదటివాడు. పోయినేడాది ఎండాకాలం సిరిసిల్లలో గుండె ఆగి పోయాడు. ముప్పై ఆరేళ్లు. అతని మొదటి ఆల్బంను అభిమానులు "మూడో షటర్" అంటారు. ఆ పేరు అతను పెట్టలేదు. అసలు ఏ పేరూ పెట్టలేదు, తన పేరు కూడా వేసుకోలేదు. అందుకే నేనూ ఇక్కడ అతని పేరు రాయడం లేదు. వాళ్లందరికీ అతను అన్న, నాకు తమ్మి.

ఆ ఆల్బం పేరు మీద ఒక అభిమాని ఇరవై నిమిషాల వీడియో చేశాడు. మొదటి షటర్ అంటే పుట్టుకట. రెండోది ఆకలి. మూడోది పేదవాడు ఎన్నటికీ తెరవలేని తలుపు. ఆ తలుపును నేను రోజూ పొద్దున తొమ్మిదింటికి తెరుస్తాను, కాస్త నూనె వేస్తే చాలు. అయినా వీడియో చివరిదాకా చూశాను. బాగా చెప్పాడు.

అతను మొదటిసారి ఎక్కడ పాడాడన్నది ఇంకా తేలలేదు. సిరిసిల్ల వాళ్లు తమ వాడకట్టు గణపతి మండపం దగ్గరంటారు. వేములవాడ వాళ్లు శివరాత్రి జాతరలోనంటారు. ఇద్దరి దగ్గరా కళ్లారా చూసిన సాక్షులున్నారు. ఇద్దరూ ఫోన్లలో ఒకరినొకరు చాలా మాటలు అనుకున్నారు. నేను ఎవరికీ చెప్పలేదు గాని, నేను చూసింది జగిత్యాలలో, గడియారం టవర్ దగ్గర, ఒక సిమ్ కార్డుల గొడుగు కింద.

కంపెనీవాళ్లు ఉచితంగా సిమ్‌లు ఇస్తున్న రోజులవి. నేను అప్పటికి దుకాణం పెట్టలేదు, కంపెనీ తరఫున సిమ్‌ల డబ్బా పట్టుకొని కూర్చున్నాను. జనాన్ని పిలవడానికి ఒక బక్కపల్చని యువకుణ్ని ఒక్కరోజు పనికి పెట్టుకున్నారు. మైకు చేతికివ్వగానే అతను సిమ్ మాట ఎత్తలేదు.

"పాస్‌పోర్టు ఫోటోల నవ్వద్దన్నరు, నవ్వలే,
ఏజెంటు సారు నవ్విండు, పండ్లు లెక్కవెడ్తే ఒడువలే"

అని అందుకున్నాడు. పది నిమిషాల్లో యాభై మంది గొడుగు చుట్టూ చేరారు. వాళ్లలో సగం మంది పాస్‌పోర్టులు ఏజెంట్ల దగ్గర ఉన్నవాళ్లే. ఒక్కరూ సిమ్ తీసుకోలేదు. కంపెనీ సూపర్‌వైజరు వచ్చి, "నిన్ను జనాన్ని పిలువుమన్నమా, నిలవెట్టుమన్నమా?" అని మైకు గుంజుకున్నాడు. యువకుడు నా వైపు తిరిగాడు. "ఎన్కటోళ్లకు ఇనవడ్డదా అన్నా?" అని అడిగాడు. ఆఖరోనికి సుత ఇనవడ్డదని చెప్పాను. తల ఊపి, ఆ పూట కూలి కూడా అడగకుండా బస్టాండు దిక్కు నడిచిపోయాడు.

మైకు లేకపోతే అతని మాట వినపడేది కాదు. పదో తరగతి తప్పినప్పటి నుంచి సిరిసిల్లలో సాంచెల మీద పనిచేశాడు. మరమగ్గాన్ని అక్కడ సాంచె అంటారు. ఒక షెడ్డులో ఇరవై సాంచెలు కొట్టుకుంటుంటే అరిచి లాభం లేదు కాబట్టి అక్కడ ఎవరూ అరవరు. పెదవులు నిదానంగా కదిలిస్తారు, ఎదుటివాళ్లు పెదవులు చూసి జవాబిస్తారు. అతను షెడ్డు బయట కూడా అట్లాగే మాట్లాడేవాడు. మా పరిచయం పెరిగాక నా దుకాణంలో స్టూలు మీద కూర్చొని ఏదో చెబుతుండేవాడు. పెదవులు చక్కగా కదిలేవి, గొంతు సగమే వచ్చేది.

"ఏంది తమ్మీ?" అనేవాణ్ని.

"ఇనవడ్తుందా?"

"లే."

మళ్లీ మొదటి నుంచి చెప్పేవాడు. విసుక్కునేవాడు కాదు. విసుక్కోవడం నా వంతు.

వినేటప్పుడు కూడా అంతే. ఎవరు మాట్లాడినా కళ్లలోకి చూడడు, పెదవులే చూస్తాడు. ఆడవాళ్లు రీచార్జికి వచ్చినప్పుడు అది బాగుండేది కాదు. ఒకరోజు గట్టిగానే చెప్పాను. తర్వాత వచ్చినప్పటి నుంచి ఆడవాళ్లు వస్తే చెప్పుల వైపు చూస్తూ కూర్చునేవాడు, దాంతో వాళ్లు ఏమన్నారో ఒక్క ముక్క కూడా తెలిసేది కాదు. నాకు సాయంగా నంబర్లు రాసుకుంటూ తప్పు రాసేవాడు. నేనే మళ్లీ తలెత్తుమని చెప్పాల్సి వచ్చింది.

ఎదుటి మనిషి అంగీ మీద చిన్న పోగు కనపడితే మాట మధ్యలో ఆపి తీసేసేవాడు. పనిలో పనిగా అంగీ కొసను రెండు వేళ్ల మధ్య రుద్ది, "పాలిస్టరే" అని నిర్ధారించేవాడు. కాటన్ అనుకొని కొన్నవాళ్లకు నా దుకాణంలోనే నిజం తెలిసేది. ఒకసారి ఒక గిరాకీ ఇయర్‌ఫోన్ల వైరు తెగితే, ఒంటి చేత్తో కన్ను మూసి తెరిచేలోగా ముడి వేసి ఇచ్చాడు. దారమైతే కలిసేది. వైరు కలవలేదు. ముడి మాత్రం ఇప్పటికీ ఊడదని ఆ గిరాకీ చెప్పాడు.

కోరుట్లకు అతను వచ్చేది అక్క కోసం. అక్కను ఇక్కడికి ఇచ్చారు. బీడీలు చుడుతుంది, పెండ్లికి ముందు సిరిసిల్లలో సాంచెలకు దారం కండెలు చుట్టేది. నెలకోసారి అక్కను చూసి, తిరుగు బస్సు వచ్చేదాకా నా స్టూలు మీద ఉండేవాడు. ఆ స్టూలు మీదే ఆల్బం సంగతి చెప్పాడు. మూడుసార్లు చెప్పాక వినపడింది.

మొత్తం తొమ్మిది పాటలు. తాన్లు పేర్చిన ఒక గోదాములో, ఆ తాన్ల మధ్య నిలబడి రికార్డు చేశాడు. చుట్టూ బట్ట ఉంటే గొంతు గోడలకు తగిలి తిరిగి రాదట. అయితే సిరిసిల్లలో సాంచెలు నడుస్తుంటే గోదాము కాదు గదా బావిలో దిగి పాడినా వాటి చప్పుడే వస్తుంది. అందుకని కరెంటు తీసేసే రోజు కోసం కాచుకొని ఉండేవాడు. వారానికోసారి పొద్దంతా కరెంటు ఉండేది కాదు. ఊరంతా కరెంటోళ్లను తిట్టుకునే ఆ పూట అతను చుట్టాల పిల్లవాడి లాప్‌టాప్‌లో బ్యాటరీ ఉన్నంతసేపు పాడేవాడు. కరెంటు పోతే స్టూడియో తెరిచినవాణ్ని నేను ఇతణ్ని తప్ప చూడలేదు.

తర్వాతి రోజుల్లో ఒక విలేఖరి వచ్చి, సాంచెల చప్పుడే మీకు లయ నేర్పిందా అని అడిగాడు. అందరూ అదే అడిగేవారు. "సాంచెలు బందున్నప్పుడే వాడిన సార్" అని ఇతను చెప్పాడు. మరునాడు పేపర్లో సాంచెల చప్పుడులో పుట్టిన పాట అని వచ్చింది. ఆ కాగితం కత్తిరించి తెచ్చి నాకు చూపించి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇక నా సంగతి చెప్పాలి. ఇప్పుడు కవర్లు అమ్ముతున్నాను గాని అప్పుడు నాది పాటలు ఎక్కించే దుకాణం. మెమరీ కార్డును మేం చిప్పు అంటాం. గల్ఫ్ పోయేవాళ్లు విమానం ఎక్కే ముందు ఎవరూ మరిచిపోని పనులు రెండు. ఒకటి వేములవాడ రాజన్న దర్శనం, రెండోది చిప్పు నింపించుకోవడం. రెండేళ్లకు సరిపడా పాటలు గోటి అంత చిప్పులో పట్టుకొని పోయేవాళ్లు. అక్కడ క్యాంపులో ఒకరి చిప్పు నుంచి ఇంకొకరు ఎక్కించుకునేవాళ్లు.

ఆ వరసలోనే ఇంకా నాలుగు చిప్పుల దుకాణాలుండేవి. నేను కష్టపడి తెచ్చిన పాటలను గిరాకీల చిప్పుల్లోంచి వాళ్లు దించుకునేవారు. నేనూ వాళ్లవి దించుకునేవాణ్ని. అందుకని ఎవరి పాటలకు వాళ్లు గుర్తు వేసుకోవడం ఆ వ్యాపారంలో పద్ధతి. నా దుకాణానికి పేరు లేదు, బోర్డు జాగాను ఒక ఫోన్ కంపెనీ అద్దెకు తీసుకుంది. కాబట్టి నా గొంతుతో అడ్రసే రికార్డు చేసుకున్నాను. "బస్టాండు ఎదురుంగ, మూడో షటర్, కోరుట్ల." సరిగ్గా నాలుగు సెకన్లు. చివర్లో మెట్‌పల్లి బస్సు హారన్ కూడా పడింది. మళ్లీ చెప్పడానికి బద్ధకమై అట్లాగే ఉంచాను.

ఈ గుర్తును పాటకు ముందు అతికించవచ్చు. కానీ ఒక్కో పాటను విప్పి అతికించాలి. అదే పాట మొదటి నాలుగు సెకన్ల మీద పరిచేస్తే వెయ్యి పాటలైనా ఒక్క మీట నొక్కితే అయిపోతాయి. సినిమా పాటలకు ముందు ఎంతో కొంత వాద్యం ఉంటుంది కాబట్టి ఎవరికీ ఏ నష్టమూ లేదు. నేను మీట నొక్కే మనిషిని.

అతను పెన్‌డ్రైవు తెచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. స్నానం చేసి, బొట్టు పెట్టుకొని, ఇస్త్రీ అంగీతో వచ్చాడు. "దుబాయి, మస్కటు పోయేటోళ్ల చిప్పులల్ల ఎక్కియ్యన్నా. నాకేం అద్దు. ఇంటె సాలు" అన్నాడు. నేను అన్ని ఫైళ్లలాగే వాటినీ ఒకచోట వేసి మీట నొక్కాను. ఎనిమిది పాటలకు ముందు కొంచెం దరువు ఉంది. మొదటి పాటకు లేదు. అది నేరుగా అతని గొంతుతో, ఒకే ఒక్క మాటతో మొదలై, ఒక క్షణం ఆగి, తర్వాత అందుకుంటుంది. ఆ ఒక్క మాట మీద నా అడ్రసు, మెట్‌పల్లి బస్సు హారన్ పడ్డాయి. నేను వినలేదు. ఎక్కించేవాళ్లు పాటలు వినరు.

నెల దాటాక అక్కను చూడడానికి వచ్చాడు. బస్టాండులో ఒకాయన సూట్‌కేసు మీద కూర్చొని ఇయర్‌ఫోన్లు పెట్టుకొని తల ఊపుతున్నాడు. పాట వెంట పెదవులు కదుపుతున్నాడు. ఇతను ఎదురుగా పోయి నిలబడ్డాడు. నాకు నా కౌంటర్ నుంచి అంతా కనపడుతూనే ఉంది. ఎవరి పెదవులైనా చదవగల మనిషి, తన పాట మొదటిసారి ఒక పరాయి మనిషి నోట్లో చూడబోతున్నాడు. ముఖం వెలిగిపోయింది. ఆయన ఇయర్‌ఫోన్లు సర్దుకొని పాట మళ్లీ మొదటి నుంచి పెట్టుకున్నాడు. ఇతని ముఖంలో వెలుగు పోయింది. రోడ్డు దాటి నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, గాయిన నా పాట పాడుతలేడు. నీ షటర్ పాడుతుండు."

గొంతు పూర్తిగా వచ్చింది. మైకు లేకుండా అతని గొంతు అంత వినడం అదే మొదటిసారి.

"అందరి పాటలకు ఏస్త తమ్మీ. సిన్మా పాటలకు సుత ఏస్త. ఇప్పటిదాంక ఎవ్వలు అడుగలే" అన్నాను.

"ఆళ్ల పాటలు మస్తు జాగల ఉంటయి. నాయి గీ ఒక్క జాగలనే ఉన్నయి."

తీసేస్తానని చెప్పాను. "మొదటి మాట పోయింది" అని ఒక్కటే అని, స్టూలు మీద కూర్చోకుండానే వెళ్లిపోయాడు.

తీసేయలేదు. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది గాని రాస్తాను. అప్పటికే గిరాకీలు వచ్చి "మూడో షటర్ పాటలు ఎక్కియ్యి" అని అడుగుతున్నారు. పక్క దుకాణాల వాళ్లు కూడా వచ్చి అడిగారు. గుర్తు తీసేస్తే నా దగ్గరికే ఎందుకు వస్తారు? ఇంకో రెండు నెలలు అట్లాగే ఎక్కించాను. తర్వాత బుద్ధి వచ్చి తీద్దామని చూస్తే అసలు ఫైళ్లు లేవు. జాగా సరిపోక గుర్తు వేసినవే ఉంచి మిగిలినవి చెరిపేశాను, అతని పెన్‌డ్రైవుతో సహా. పాడిన లాప్‌టాప్‌ను ఆ చుట్టాల పిల్లవాడు గల్ఫ్ పోయే ముందు కడిగిన పళ్లెంలా చేసి అమ్మేశాడు. ఆ మొదటి మాట ఇక ఎక్కడా లేదు.

పాటలు మాత్రం నడిచాయి. క్యాంపుల్లో చిప్పు నుంచి చిప్పుకు ఎక్కి, సెలవు మీద వచ్చినవాళ్లతో తిరిగి ఎల్లంతకుంట, గొల్లపల్లి దాకా వచ్చాయి. తర్వాత నెట్ చవకయ్యి చిప్పుల దుకాణాలు మూతపడ్డాయి. అభిమానులు తమ దగ్గరున్న పాటలను నెట్‌లో పెట్టుకున్నారు. అన్నీ నా గొంతుతోనే మొదలయ్యాయి. ఒకతను కష్టపడి నా అడ్రసు వరకు కోసి పెడితే, ఇది నకిలీదని, హారన్ లేదని కింద తిట్టారు. పోయిన మొదటి మాట ఏమిటన్నదాని మీద కూడా వాదనలున్నాయి. కొందరు "అమ్మా" అంటారు. కొందరు "రేయ్" అంటారు. అది అచ్చు వేయదగని మాటని, కావాలనే హారన్‌తో కప్పించాడని ఒక వర్గం.

ఒక్కసారే అతని ప్రోగ్రాం చూశాను, జగిత్యాలలో, ఒక కాలేజీ వార్షికోత్సవంలో. అతను మైకు ముందుకు రాగానే వెయ్యి మంది కుర్రాళ్లు ఒకే గొంతుతో నా అడ్రసు చెప్పారు. చివర్లో నోటితో హారన్ కొట్టారు. వాళ్లు చెప్పినంతసేపు అతను మైకు దించుకొని, అందరి పెదవులూ చూస్తూ నిలబడ్డాడు. అది అయిపోయాక రెండో మాట నుంచి అందుకున్నాడు. మొదటి మాట అతను కూడా పాడలేదు. ఎవరికీ తెలియని మాట పాడితే ఎవరు ఒప్పుకుంటారు? వెనక వరసలో నిలబడి నేను చాలా చిన్నవాణ్నయిపోయాను.

క్షమాపణ చెబుదామని బస్టాండు దాకా వెంట పోయాను. అతను సిరిసిల్ల బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. నన్ను చూసి, అద్దం అవతల నుంచి ఏదో అన్నాడు. పెదవులు రెండు మూడు మాటలు కదిలాయి, నిదానంగా, స్పష్టంగా. నాకు పెదవులు చదవడం రాదు. "ఏంది తమ్మీ?" అన్నాను. బస్సు కదిలింది. ఆ తర్వాత అతను దుకాణానికి రాలేదు, నేనూ పోయి అడగలేదు. అది తిట్టే అయి ఉంటుందని పదేళ్లు అనుకున్నాను, అందులో తప్పేమీ లేదని కూడా అనుకున్నాను.

రెండో ఆల్బం ఎందుకు రాలేదని అభిమానులు పెద్ద పెద్ద కారణాలు చెబుతారు. కారణం కరెంటు. రాష్ట్రంలో ఇరవై నాలుగు గంటలూ కరెంటు ఉండడం మొదలైంది. అందరూ సంతోషించారు, నేనూ సంతోషించాను. సిరిసిల్లలో సాంచెలు ఆగడం మానేశాయి. ఇతనికి పాడే పూట లేకుండా పోయింది. పట్నం పోయి స్టూడియోలో పాడవచ్చు గదా అని ఎవరో అంటే, "గక్కడ నాకు బుగులైతది" అన్నాడట. బుగులంటే భయం.

అతను పోయిన కబురు నాకు ఎవరూ చెప్పలేదు. పొద్దున ఫోన్ తెరిస్తే అందరి స్టేటస్‌లలోనూ అతని ఫోటో, దాని కింద మొదటి పాట. స్టేటస్ ముప్పై సెకన్లే ఉంటుంది. అందులో మొదటి నాలుగు సెకన్లు నేను నా దుకాణం అడ్రసు చెబుతున్నాను. ఆ రోజు నలభై మంది స్టేటస్‌లు చూశాను. మనిషి చచ్చిపోయాడని చెప్పే ప్రతిచోటా ముందు నా గొంతు, హారన్. ఫోన్ పక్కన పెట్టి ఏడ్చాను. ఆ రోజంతా షటర్ తెరవలేదు. అభిమానులు వచ్చి మూసి ఉన్న షటర్‌తో ఫోటోలు దిగడం ఆ రోజే మొదలైంది.

పోయిన నెల, ఆ విద్యార్థులు వచ్చి వెళ్లిన వారానికి, అతని అక్క దుకాణానికి వచ్చింది. ఏడాది మాసికం చేయడానికి సిరిసిల్ల పోతే, తమ్ముడి బట్టల సంచిలో ఒక పెన్‌డ్రైవు దొరికిందట. కొంగు ముడిలోంచి తీసి కౌంటర్ మీద పెట్టింది.

"వాడు పోవుడుకు ముంగట ఆర్డర్లు లేక సాంచెలన్ని బందు వెట్టిండ్రు గదనే అన్నా. ఊరంత సప్పుడు లేదు. ఆళ్లందరు దవుడల కింద చేతులు వెట్టుకోని కూసున్నరు, వీడేమో గోదాముల వడ్డడు. అయిదు పాటలు అయినయని ఫోను జేసిండు. ఇంటవా?"

కంప్యూటర్‌కు పెట్టాను. మొదటి పాట నొక్కాను. ఏమీ రాలేదు. వైరు వదులైందేమో అని చెయ్యి చాపాను. "ఆగు" అంది అక్క. అప్పుడు, దుకాణం అంతా నిండేట్టు, పూర్తి గొంతుతో అతను అన్నాడు.

"ఇనవడ్తుందా?"

ఒక క్షణం ఆగి పాట అందుకున్నాడు. పాస్‌పోర్టు ఫోటో పాట. జగిత్యాల గొడుగు కింద పాడిన పాట, మొదటి ఆల్బంలో మొదటి పాట. నేను పాట ఆపేశాను.

"గదే పాట మల్ల వాడిండు. మొదటి మాట పోయిందని మస్తు రంది వెట్టుకున్నడు గదా" అంది అక్క.

వచ్చినప్పుడల్లా నా స్టూలు మీద కూర్చొని అడిగిన మాటే అది. నేను ప్రతిసారీ "లే" అని జవాబు చెప్పిన మాట. ఇన్నాళ్లూ ఆ మాట ఏమై ఉంటుందా అని అందరి వాదనలూ చదివాను గాని నాకు తట్టలేదు.

మిగిలిన నాలుగు పాటలూ పెట్టి చూశాను. ప్రతిదానికీ ముందు ఖాళీ ఉంది. గడియారం పెట్టి చూశాను, నాలుగేసి సెకన్లు. ఇదేమిటని అక్కను అడిగాను.

"నీకే ఇడ్సిండు" అంది ఆమె, అందులో అడగడానికేముందన్నట్టు. "సాంచె మీద పోగులు సుట్టిన బీము అయిపొయ్యేటప్పుడు జానెడు పోగులు నెయ్యకుంట ఇడుస్తరన్నా. కొత్త బీము పోగులు గా పోగులకే ముడేస్తరు. ఆఖరిదాంక నేస్తే ముడెయ్య జాగుండది. గా అన్న మల్ల షటర్ ఏస్తడక్కా, ఈసారి నా మాట మీద వడకుంట జాగ ఇడ్సిన అన్నడు. నవ్విండు సుత. నువ్వు బస్టాండుల నిలవడ్డప్పుడు సుత చెప్పిండట గదా, మల్ల పాడినంక తెస్తనని. నీకు ఇనవడలేదా?"

"లే" అన్నాను.

ఆమె చాలాసేపు కూర్చుంది, అతని స్టూలు మీదే. పోతూ పోతూ, "ఏసుకో అన్నా, ఏమనుకోడు. ఏసుకొమ్మనే ఇడ్సిండు" అంది. వెయ్యనని చెప్పాను. అతని మాటకు ముందు నిలబడి చెప్పడానికి నా దగ్గర అడ్రసు తప్ప ఏముంది?

పాటలను ఆ జగిత్యాల విద్యార్థుల నంబరుకు పంపాను, అక్క ఇచ్చిందని రాసి. గంటలో పొడుగు కుర్రాడు ఫోన్ చేశాడు. నెట్‌లో పెడతామన్నాడు. "అంకుల్, ఒక్కటి. మొదట్ల ఖాళీ వస్తుంది. రికార్డింగుల ఏదో ఫాల్ట్ ఉన్నట్టుంది. కట్ చెయ్యాల్నా?"

"చెయ్యకుండ్రి బాబూ. అది ఫాల్ట్ కాదు. ఆయినె ఇడ్సిండు" అన్నాను.

కట్ చేయలేదు. పాటల కింద మొదటి రోజు వంద మంది ఖాళీ గురించి విసుక్కున్నారు. ఆ ఖాళీకి అర్థం చెబుతూ అప్పుడే ఒక వీడియో కూడా వచ్చింది. అందులో మగ్గం పోగుల సంగతి లేదు, నా సంగతీ లేదు, అయినా అర్థం బాగానే ఉంది.

మొన్న ఆదివారం ఆ ఇద్దరూ మళ్లీ వచ్చారు. ఈసారి షటర్ గుంజమనలేదు. రోడ్డు అవతల బస్టాండు గోడ నీడలో నిలబడి, నా దుకాణం వైపు చూస్తూ, ఇయర్‌ఫోన్లు చెవికొకటి పంచుకున్నారు. పొడుగతను ఫోన్ మీద వేలు పెట్టాడు. నేను గిరాకీని కాసేపు ఆగమని వాళ్ల ముఖాలు చూశాను. నాలుగు సెకన్లు ఇద్దరి పెదవులూ కదలలేదు. తర్వాత ఇద్దరివీ ఒక్కసారే కదిలాయి, ఒక్క మాట. నాకు పెదవులు చదవడం రాదు, అయినా ఆ మాట చదివాను. కౌంటర్ వెనక నిలబడి, "ఇనవడ్తుంది తమ్మీ" అన్నాను.